పుట్టుక – నేరం – స్వభావం: ‘మాలపల్లి’ నుంచి స్టూవర్టుపురం దాకా

వ్యాససంగ్రహం: మనిషి స్వభావతః మంచివాడా, చెడ్డవాడా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో మానవజాతి మొత్తానికి సంబంధించినది. కృష్ణా డెల్టాలో అదే ప్రశ్న ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో కొన్ని కులాలకు, తెగలకు మాత్రమే వర్తించే చట్టంగా రూపుదాల్చింది. నేరస్థ జాతుల చట్టం, దాని ఫలితంగా వెలసిన సెటిల్మెంట్లు, ఆ నేపథ్యాన్ని నవలలోకి తెచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, దశాబ్దాల తరువాత విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి స్టూవర్టుపురానికి వెళ్లిన హేమలతా లవణం, లవణంల కృషి ఈ వ్యాసానికి ఆధారాలు. పుట్టుకతో నేరం రాదని చెప్పడానికి ‘మాలపల్లి’ ఎంచుకున్న మార్గంలోని బలాన్ని, పరిమితిని వివేచించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: మానవస్వభావం, నేరస్థ జాతుల చట్టం, మాలపల్లి, ధర్మకన్నం, స్టూవర్టుపురం, సెటిల్మెంటు, హేమలతా లవణం.

1. ఉపోద్ఘాతం

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెత తెలుగిళ్లలో తరచుగా వినిపించేదే. మాట వినని పిల్లవాడి గురించి, పేకాట మానని పెద్దమనిషి గురించి సగం విసుగుతో, సగం నవ్వుతో అనే మాట అది. అన్నవారు కూడా దానిని పూర్తిగా నమ్మరు. నమ్మితే ఆ పిల్లవాణ్ణి బడికి పంపరు. సామెతకు సమాజంలో ఉండే ఈ వెసులుబాటు చట్టానికి ఉండదు. అదే భావం చట్టంగా మారినప్పుడు పోలీసు రిజిస్టరు, వేలిముద్ర, రాత్రి హాజరు, ఊరు దాటడానికి పాసు దాని వెంట వస్తాయి.

ప్రాచీన చైనాలో మెన్షియస్ మనిషి సహజంగా మంచివాడన్నాడు, షున్‌జీ కాదన్నాడు. ఐరోపాలో హాబ్స్, రూసోల పేర్లతో ఇదే వాదం మరో రూపంలో నడిచింది. ఈ నలుగురూ మాట్లాడింది మనిషి గురించి, అంటే అందరి గురించి. అందరికీ వర్తించే నిందను ఒక్కరి మీద మోపడం కుదరదు గనుక ఆ చర్చ వల్ల ఎవరికీ సంకెళ్లు పడలేదు. వలస పాలనలోని భారతదేశంలో ప్రశ్న వేరుగా వచ్చింది. మనుషులు చెడ్డవారా అని గాక, ఏ మనుషులు పుట్టుకతో చెడ్డవారు అని ప్రభుత్వం అడిగింది, తానే జాబితా రాసుకుంది. తెలుగు సాహిత్యంలో మానవస్వభావ చర్చను ఈ జాబితాకు ఎడంగా పెట్టి చదవడం వల్ల చాలా నష్టం జరిగింది.

2. వేనుడి తొడ

పుట్టుకతో వచ్చే దుష్టత్వమన్న ఊహ పరాయి పాలకులు తెచ్చిపెట్టినది మాత్రమే అనుకోవడం సరికాదు. భాగవతం చతుర్థ స్కంధంలోని వేనుడి కథ ఇందుకు మంచి నిదర్శనం. అంగరాజు ధర్మాత్ముడు. అతని భార్య సునీథ మృత్యువు కూతురు. వారి కొడుకు వేనుడు తండ్రిని గాక మాతామహుణ్ణి పోలాడు. బాల్యంలోనే తోటి పిల్లలను చంపేంత క్రూరుడయ్యాడు. ఆ బాధ భరించలేక తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. రాజైన వేనుడు యజ్ఞయాగాలను నిషేధించగా మునులు హుంకారంతో అతణ్ణి సంహరించారు. తరువాత ఆ కళేబరం తొడను మథిస్తే నిషాదుడు పుట్టాడు. వేనుడి పాపమంతా అతడు మోసుకుపోయాడు. బాహువులను మథిస్తే పృథు చక్రవర్తి ఉదయించాడు.

ఈ కథలో రెండు భావాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే దేహంలో చెడూ మంచీ రెండూ ఉన్నాయనడం మొదటిది. ఇది లోతైన మాట. ఆ చెడును విడదీసి ఒక అడవి జాతి మూలపురుషుడికి అంటగట్టడం రెండవది. మొదటి భావానికి రాజవంశం లాభపడింది, రెండవదానికి నిషాదులు మూల్యం చెల్లించారు. పాపం రాజుది, దాన్ని మోసే వీపు మాత్రం వేరొకరిది.

కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ఈ వేనుడి కథనే తీసుకొని ‘ఖూనీ’ అన్న నాటకం రాశాడు. పురాణం సంహారమన్నదానికి న్యాయవాది అయిన ఆయన న్యాయస్థానపు మాట పెట్టాడు. పేరులోనే వాదమంతా ఉంది. దుష్టుడన్న ముద్ర చంపినవారు వేసినదని ఆయన అభిప్రాయం. ఆయన చూపు చంపిన మునుల మీద, చచ్చిన రాజు మీద నిలిచింది. తొడలోంచి పుట్టినవాడి పక్షాన వాదించే పని మరొకరికి మిగిలింది.

3. చట్టం చెప్పిన స్వభావం

నేరస్థ జాతుల చట్టం 1871లో మొదట ఉత్తర భారతానికి వచ్చింది. ఇటలీలో లాంబ్రోసో ‘జన్మతః నేరస్థుడు’ అన్న సిద్ధాంతంతో 1876లో గ్రంథం వెలువరించాడు. అంటే శాస్త్రం కంటే ఐదేళ్లు ముందే ఇక్కడ శాసనం నడిచింది. దానికి ఊతమైనది పుర్రెల కొలత కాదు, కులవ్యవస్థ మీద పాలకులకున్న అవగాహన. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు అయినప్పుడు దొంగతనం కూడా కులవృత్తిగానే సంక్రమిస్తుందని వారి తర్కం. కులవృత్తి స్వధర్మమని చెప్పుకొనే సమాజానికి ఈ తర్కం ఎబ్బెట్టుగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1911 నాటి చట్టం దీనిని మద్రాసు రాజధానికి విస్తరింపజేసింది. తెగ, ముఠా, వర్గం అన్న మూడు మాటల్లో దేనికింద అయినా ఎవరినైనా చేర్చగల వెసులుబాటు అందులో ఉంది. తెలుగు ప్రాంతాల్లో దీని దెబ్బ ఎక్కువగా తగిలింది ఎరుకల వారికి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుపోయి లోతట్టు గ్రామాల్లో అమ్మిన సంచార వర్తకులు వారిలో చాలామంది. రైళ్లు వచ్చాక, ఉప్పు మీద ప్రభుత్వ నియంత్రణ బిగిశాక ఆ బతుకుతెరువు చెడింది. తిరిగేవాడి తిరుగుడుకు కారణం పోయింది, తిరుగుడు మాత్రం మిగిలింది. అప్పుడది నేరలక్షణంగా కనిపించింది.

బాపట్ల, చీరాలల నడుమ 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. విజయవాడకు ఎదురుగా, కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరంలోనూ ఆ సంస్థ సెటిల్మెంటు నడిచింది. ఆ సంస్థను భారతదేశంలో నడిపిన బూత్ టక్కర్ నేరాన్ని నయం చేసే విద్యకు ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. ఇక్కడొక వైరుధ్యాన్ని గమనించాలి. చట్టం నేరాన్ని నెత్తుటిలో ఉన్నదన్నది. మిషనరీ దానిని కుదిర్చగల రోగమన్నాడు. నెత్తుటిదైతే కుదరదు, కుదిరేదైతే నెత్తుటిది కాదు. అయినా ఈ రెండు నమ్మకాలూ ఒకే కంచె లోపల కలిసి పనిచేశాయి. ఆ ఆవరణలో బడి ఉంది, హాజరుపట్టీ ఉంది, చీరాలలోని పొగాకు కంపెనీకి కూలీలను పంపే ఏర్పాటూ ఉంది. ఆ బడిలో నేర్చిన అక్షరాలు తరువాతి తరాలకు ఉపయోగపడ్డాయన్నది నిజమే. కంచెను ఆ లాభంతో సమర్థించడం మాత్రం చరిత్ర రచనలో పొరపాటవుతుంది.

4. ‘మాలపల్లి’లో సెటిల్మెంటు

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) ‘మాలపల్లి’ని సహాయ నిరాకరణోద్యమ కాలంలో జైలులో ఉండి రాశాడు. 1922లో అది వెలువడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నవలను హరిజనోద్ధరణ కావ్యంగానో, గాంధేయ నవలగానో, రష్యా విప్లవ ప్రభావం సోకిన తొలి తెలుగు నవలగానో విమర్శకులు చర్చించారు. అవన్నీ సమంజసమే. గుంటూరు న్యాయవాది అయిన రచయితకు స్టూవర్టుపురం కూతవేటు దూరంలో ఉన్నదనీ, నవల రాసేనాటికి ఆ సెటిల్మెంటుకు దాదాపు పదేళ్లు నిండాయనీ గుర్తుంచుకుంటే నవల మరో వెలుగులో కనిపిస్తుంది.

మంగళాపురంలో రామదాసు మాల రైతు, భక్తుడు, జ్ఞాని. అతని కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య ఇంట పాలేరు. కూలీల పక్షాన నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతాడు. మరో కొడుకు వెంకటదాసు ఊరు విడిచి, ఉన్నవారి ఇళ్లు దోచి లేనివారికి పంచే దళానికి నాయకుడవుతాడు. చివరకు రామదాసు కుటుంబం సెటిల్మెంటు పాలవుతుంది. అక్కడి బతుకు కూతురు జ్యోతి విషాదాంతానికి దారితీస్తుంది.

హత్య జరిగింది ఒక ఇంట, నేరస్థులన్న ముద్ర పడింది మరో ఇంటికి. చౌదరయ్య చేసిన పనిని బట్టి అతని కులాన్ని నేరస్థ కులమని ఎవరూ అనలేదు, అనరు కూడా. అతని కోపం అతనిది. వెంకటదాసు దోపిడి మాత్రం ఇల్లంతటిదీ అయింది. పైవారి తప్పు వ్యక్తిది, కిందివారి తప్పు జాతిది అన్న ఈ లెక్కను ఉన్నవ ఉపన్యాసంగా చెప్పలేదు. కథాగమనంలోనే అమర్చాడు. స్వభావవాదం మీద తెలుగులో వచ్చిన అత్యంత పదునైన విమర్శ ఈ అమరికే.

అయితే నవల ఈ వాదాన్ని నిలబెట్టిన పద్ధతిని ఇంకొంచెం దగ్గరగా చూడవలసి ఉంది. సెటిల్మెంటు అన్యాయమని పాఠకుడు ఎందుకు నమ్ముతాడు? అందులో పడినవాడు రామదాసు గనుక. రామదాసు చీమకు హాని తలపెట్టనివాడు, కొడుకును చంపినవాడి మీద కూడా పగ పట్టనివాడు, వేదాంతం తెలిసినవాడు. అటువంటివాణ్ణి దొంగల మధ్య నిలబెట్టినందుకు పాఠకుడి కడుపు రగులుతుంది. ఈ రగులుడు న్యాయమైనదే గాని, దాని అడుగున ఒక అంగీకారం మిగిలిపోయింది. రామదాసు అక్కడ ఉండదగినవాడు కాదు సరే, ఉండదగినవారు ఎవరైనా ఉన్నారా? నవల ఈ ప్రశ్నను సూటిగా అడగదు. పుట్టుకతో నేరం రాదని నిరూపించడానికి పుట్టుకతోనే సాధువైన మనిషిని సాక్షిగా ప్రవేశపెట్టడం వల్ల స్వభావవాదం ఓడిపోలేదు, తిరగబడింది అంతే.

వెంకటదాసు పాత్రలో ఈ చిక్కు మరింత స్పష్టం. అతడు నిజంగానే దోచాడు. అయితే నవల ఆ చర్యకు ఇచ్చిన పేరు ‘ధర్మకన్నం’. తెలుగులో కన్నం వేయడమంటే ఏమిటో అందరికీ తెలుసు. గోడకు బొక్క కొట్టి రాత్రివేళ ఇంట్లో దూరడం. దానికి ముందు ధర్మమన్న మాట చేర్చడం ఉన్నవ చేసిన గొప్ప సాహసం. దొంగసొమ్ము అన్న మాటను భూస్వామి గాదె వైపు తిప్పిన మాట అది. అదే సమయంలో నవలకున్న బిడియం కూడా ఆ మాటలోనే బయటపడుతోంది. ధర్మం ముందు నడవనిదే కన్నం నవలలోకి రాలేకపోయింది. ఆకలితో వేసిన కన్నం, అలవాటుగా వేసిన కన్నం, పోలీసులు ఎలాగూ పట్టుకుంటారన్న తెగింపుతో వేసిన కన్నం ‘మాలపల్లి’లో కథ కాలేదు. స్టూవర్టుపురంలో ఉన్నవి ప్రధానంగా అవే.

ఇందులో ఉన్నవను తప్పుపట్టవలసినది లేదన్న వాదం ఉండవచ్చు. 1922లో పాఠకుల సానుభూతిని మాలపల్లె వైపు తిప్పడమే కొండను కదిలించడమంత పని. ఆ పాఠకులకు సాధువు కావాలి. విమర్శ పని ఆ అవసరాన్ని గుర్తించడంతో ఆగకూడదు. సెటిల్మెంటు ఎవరికోసం కట్టారో ఆ ఎరుకలవారు ఈ నవలలో కేంద్రానికి రాలేదు. వారి శిక్ష మాత్రం మాల కుటుంబం ద్వారా నవలకు అందింది. బాధితుడు మంచివాడైతేనే అన్యాయం అన్యాయంగా కనిపించే చూపు మన సాహిత్యంలో ఇప్పటికీ బలంగా ఉంది. దళిత, గిరిజన పాత్రలు ఎంత నిష్కల్మషంగా ఉంటే కథ అంత గొప్పదన్న భావన దానిలో భాగమే. మధ్యతరగతి పాత్రకు కోపం, లోభం, పిరికితనం, అబద్ధం అన్నీ అనుమతించి దానిని మనోవిశ్లేషణ అని మెచ్చుకొనే విమర్శ, మాలపల్లెలో పుట్టిన పాత్రకు ఒక్క మచ్చనైనా అనుమతించదు. సంపూర్ణమైన మంచితనం కూడా ఒకరకమైన హాజరుపట్టీయే.

5. పటమట నుంచి స్టూవర్టుపురానికి

నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న అది రద్దయింది. జాబితాలోని వారు విముక్త జాతులయ్యారు. అలవాటు నేరస్థుల చట్టాలు దాని స్థానంలో వచ్చాయి. పుట్టుక బదులు చేసిన పని కొలమానం కావడం సిద్ధాంతరీత్యా పెద్ద మార్పే. ఠాణాలో దాని ప్రభావం అంత వేగంగా కనిపించలేదు.

ఈ దశలో వచ్చిన ముఖ్యమైన ప్రయత్నం విజయవాడ నుంచి బయలుదేరింది. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు తరలించాడు. దేవుడు లేడనడం ఆయనకు వాదనలో గెలుపు కాదు. విధి, కర్మ, తలరాత అన్న మాటలు తొలగితే మనిషి తన పనికి తానే బాధ్యుడవుతాడన్నది ఆయన నాస్తికత్వపు సారం. స్వభావం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఈ దృక్పథంలో దాదాపు అర్థం కోల్పోతుంది. ముందే రాసిపెట్టినది లేనప్పుడు స్వభావం కూడా రాసిపెట్టినది కాలేదు.

ఆయన కుమారుడు లవణం, కోడలు హేమలతా లవణం 1970లలో స్టూవర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం మొదలుపెట్టారు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. పుట్టుకను బట్టి మనిషిని తూచే సమాజాన్ని జీవితమంతా ధిక్కరించిన కవి ఇంట పెరిగిన ఆమె, అదే తూకం మరింత కరుడుగట్టిన చోటికి వెళ్లడం యాదృచ్ఛికం కాదు. భూదాన యాత్రలో వినోబా వెంట నడిచిన అనుభవం ఈ దంపతులకు ఉంది. 1960లో చంబల్ లోయలో బందిపోట్లు వినోబా ఎదుట లొంగిపోయిన ఘట్టం వారికి మార్గదర్శకమైంది. ‘నేరస్థుల సంస్కరణ’ అన్న పేరుతో హేమలత ఈ విషయం మీద గ్రంథం రాసింది.

చంబల్‌కు, స్టూవర్టుపురానికి ఒక తేడా ఉంది. చంబల్‌లో తుపాకి దించడం ఒక దృశ్యం, ఒక రోజు జరిగే ఘట్టం. వెంకటదాసు వంటి వీరుడికి అది తగును. స్టూవర్టుపురంలో దించడానికి తుపాకి లేదు. ఇంటింటికి వెళ్లి కూర్చోవడం, జైలులో ఉన్నవారిని కలవడం, మానుకున్నవాడికి కూలో భూమో చూడటం, పిల్లలను బడికి పంపేలా తల్లులను ఒప్పించడం వంటి నీరసమైన పనులే అక్కడ మిగిలాయి. నవలకు ఇవి లొంగవు. ‘మాలపల్లి’ తప్పించుకున్న మనుషులతోనే ఈ పని మొదలైందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. నిజంగా దొంగిలించినవాడు, దొంగతనం మీదే ఇల్లు నడిపినవాడు వీరి ఎదుట కూర్చున్నాడు. అతడు నిర్దోషి అని నిరూపించవలసిన అవసరం లేకుండానే అతనితో మాట్లాడారు. మనిషి మంచివాడన్న నమ్మకం కంటే ఇది కష్టమైనది. చెడ్డపని చేశాడని తెలిసి కూడా, ఆ పని అతని సారమని ఒప్పుకోకపోవడం ఇందులో ఉంది.

‘సంస్కరణ’ అన్న మాట మీద ఒక అభ్యంతరం సహజం. చట్టం కూడా సెటిల్మెంట్లకు సంస్కరణ పేరే పెట్టింది. సంస్కర్త ఎప్పుడూ బయటివాడు, సంస్కృతుడు ఎప్పుడూ లోపలివాడు అన్న పొందిక రెండుచోట్లా ఉంది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. కంచె ఉన్నదా లేదా, వద్దని తలుపు వేసుకొనే హక్కు లోపలివాడికి ఉన్నదా లేదా అన్నది మాత్రం చిన్న తేడా కాదు. సెటిల్మెంటులో ఆ హక్కు లేదు.

6. పేరు

తెలుగు సినిమాకు ఈ ఊరు చాలాకాలంగా తెలుసు. ‘స్టూవర్టుపురం దొంగలు’, ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ చిత్రాలు 1991లో వచ్చాయి. 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ కూడా ఆ ఊరి మనిషి కథే. ఈ చిత్రాల కథల్లో ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అన్నది ప్రత్యేకంగా చర్చించవలసిన విషయం. వాటిలో పోలీసుల అమానుషానికి, దొంగ ఔదార్యానికి చోటుంది. ఆ ఔదార్యం ధర్మకన్నానికి దూరపు చుట్టమే. శీర్షిక చేసే పని మాత్రం వేరు. ఊరి పేరు పక్కన దొంగలు, పోలీస్ స్టేషన్ అన్న మాటలు పెట్టగానే పాఠకుడికీ ప్రేక్షకుడికీ ఇక పరిచయం అక్కరలేదు. 1911 చట్టం రిజిస్టరులో రాసినది ఇప్పుడు గోడమీద పోస్టరులో ఉంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనే యువకుడు సొంత ఊరు అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగవలసి వస్తే, దానికి కారణం అతని స్వభావం కాదు.

ఆ ఊరి పేరు ఎరుకల మాట కాదు. అక్కడ పుట్టినవారెవరూ పెట్టుకున్నదీ కాదు. సెటిల్మెంటు ఏర్పడిన కాలంలో మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతపదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే ఆంగ్లేయుడిది. ఈనాడు ఆ పేరు విన్నవారికి దొంగలు గుర్తుకు వస్తారు, దొర గుర్తుకు రాడు.